హాకింగ్ హిల్స్‌కు మనవాళ్లను తీసుకెళ్లే పెద్దలకు ఒక బహిరంగ లేఖ

ఒహాయోలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, విద్యార్థి సంఘాల బాధ్యులకు, వాట్సాప్ గ్రూపుల్లో హైక్‌లు ఏర్పాటు చేసే మిత్రులందరికీ,

నమస్కారం. పరాయి దేశంలో ఉగాదికి పచ్చడి, దసరాకు బతుకమ్మ లోటు లేకుండా చూస్తున్నది మీరే. ఆ కృతజ్ఞత మనసులో పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కొలంబస్‌కు వచ్చి పదకొండేళ్లయింది. ఇక్కడికి దగ్గర్లోని కొండల పార్కు హాకింగ్ హిల్స్‌లో ముప్పైసార్లకు పైగా నడిచాను. పోయిన నవంబరులో మన సంఘాల్లో ఒకటి అక్కడికి పెట్టిన హైక్‌కు నేనూ, మా ఆవిడ, మా అబ్బాయి, ఊరి నుంచి వచ్చిన మా నాన్నగారు వెళ్లాం. ఆ రోజు జరిగినదాని గురించి తర్వాత నిర్వాహకులకు రెండు మెయిళ్లు రాశాను, ఒకసారి ఫోన్ చేశాను. మెయిళ్లకు జవాబు లేదు. ఫోన్‌లో మాత్రం "మంచి సూచనలండీ, కమిటీలో పెడతాం" అన్నారు. పోయిన వారం ఈ ఏడాది హైక్ ప్రకటన (ఫ్లయర్) వచ్చింది. తేదీ ఒక్కటే మారింది. "ఫ్యామిలీ హైక్, ఈజీ, 6 మైళ్లు, 11:30కి ఓల్డ్ మ్యాన్స్ కేవ్ పార్కింగ్‌లో కలుద్దాం" అన్న మాటలు అక్షరం మారకుండా అలాగే ఉన్నాయి. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

ఆ సంఘం పేరు రాయడం లేదు. రాస్తే మాటలన్నీ పేరు చుట్టూనే తిరుగుతాయి. పైగా ఇలాంటి ఫ్లయర్లు నేను మరో రెండు మూడు గ్రూపుల్లోనూ చూశాను.

ముందు ఆ చోటు గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే మన ఫ్లయర్లలో ఫొటోలు ఉంటాయి గానీ ఈ సంగతులు ఉండవు. అక్కడి కొండలన్నీ ఇసుకరాయి. దాదాపు 35 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. అందులోకి నదులు తెచ్చిపోసిన ఇసుకే గట్టిపడి ఈ రాయి అయింది. బ్లాక్ హ్యాండ్ శాండ్‌స్టోన్ అంటారు. ఇందులో పై పొర గట్టిది, అడుగు పొర గట్టిది, మధ్య పొర మెత్తన. నీళ్లకూ మంచుకూ ఆ మధ్య పొర అరిగిపోయి, కింద గుహలాగా డొల్లబడి, పైన గట్టి రాయి చూరులాగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఓల్డ్ మ్యాన్స్ కేవ్, యాష్ కేవ్ ఇలా పుట్టినవే. యాష్ కేవ్ ఈ చివరి నుంచి ఆ చివరికి 700 అడుగులు, ఎత్తు 90 అడుగులు. కింద నిలబడి తలెత్తి చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. అదే చూరు మీద, పైన అంచున నిలబడ్డవాళ్లకు మాత్రం తమ కాళ్ల కింద ఏమీ లేదన్న సంగతి తెలియదు. ముందు చెట్లు కనిపిస్తాయి, కాలికి నేల తగులుతుంది, అంతే.

మన ఊళ్ల గుట్టల మీది నల్లరాయికి చెప్పు పట్టు దొరుకుతుంది. ఈ రాయి అలాంటిది కాదు. పైపొర గోరుతో గీకితే ఇసుక రాలుతుంది. ఆ ఇసుక మెట్ల మీద పరుచుకుని ఉంటుంది. దాని మీద నవంబరులో తడిసిన ఓక్ ఆకులు. లోయ అడుగున ఎండ పడదు కాబట్టి ఆ ఆకులు మధ్యాహ్నానికి కూడా ఆరవు.

ఇప్పుడు ఆరు మైళ్ల సంగతి. ఓల్డ్ మ్యాన్స్ కేవ్ నుంచి సీడర్ ఫాల్స్ జలపాతం మీదుగా యాష్ కేవ్ దాకా ఉన్న దారికి గ్రాండ్‌మా గేట్‌వుడ్ ట్రైల్ అని పేరు. ఆరు మైళ్లు అంటే అటు పోవడానికి మాత్రమే. వెనక్కి మళ్లీ ఆరు. వెరసి మన లెక్కలో 19 కిలోమీటర్లు పైమాట. ఫ్లయర్‌లో "6 మైళ్లు" అని చూసి మా వదిన వాళ్లు పిల్లల తోపుడు బండి (స్ట్రోలర్) తెచ్చారు. రాతిలో తొలిచిన మెట్లు, ఇరుకు సొరంగాలు, వాగు మీద వంతెనలు ఉన్న దారిలో స్ట్రోలర్! మొదటి పావుగంటకే దాన్ని మడిచి మా తమ్ముడు భుజాన వేసుకున్నాడు. ఆ తర్వాత రోజంతా మోశాడు.

ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. అందరూ వచ్చేసరికి 12. పులిహోర, పెరుగన్నం ట్రేలు విప్పి, తిని, గ్రూప్ ఫొటో దిగి కదిలేసరికి 12:45. దాదాపు నలభై మందిమి. ఎవరెవరు వచ్చారో రాసుకున్న కాగితం ఎవరి దగ్గరా లేదు. మొదటి మైలులోనే అప్పర్ ఫాల్స్, డెవిల్స్ బాత్‌టబ్, పెద్ద గుహ, లోయర్ ఫాల్స్ వరసగా ఉంటాయి కదా, ప్రతిచోటా ఆగాం. ఆగాల్సిన చోట్లే అవి, తప్పు పట్టను. సీడర్ ఫాల్స్ చేరేసరికి 3:30. అక్కడ గ్రూపు రెండయింది. సగానికి పైగా మంది వచ్చిన దారినే వెనక్కి మళ్లారు. "యాష్ కేవ్ ఇంకో అరగంటే, అక్కడిదాకా వచ్చి చూడకుండా పోతామా" అని ముందు నడుస్తున్నవాళ్లు అన్నారు. నిజానికి అక్కడి నుంచి ఇంకా దాదాపు మూడు మైళ్లు. నాకు ఆ సంగతి తెలుసు. పెద్దవాళ్లు చెబుతున్నప్పుడు నలుగురిలో కాదనడమెందుకని నేను గట్టిగా అడ్డుపడలేదు. ఈ ఉత్తరం రాయడానికి అదీ ఒక కారణం.

నవంబరులో గడియారాలు గంట వెనక్కి జరుపుతాం. ఆ వారం సూర్యాస్తమయం సుమారు 5:20కి. చెట్ల కింద అంతకంటే ముందే చీకటి పడుతుంది. అడవి మంటలు కనిపెట్టే ఫైర్ టవర్ దాటాక దారి గుర్తుగా చెట్లకు వేసిన నీలం రంగు గీతలు కూడా కనిపించలేదు. ఫోన్ లైట్లు వేసుకున్నాం. పొద్దున్నుంచి ఫొటోలు తీసిన ఫోన్లు, ఎన్నింటిలో చార్జింగ్ ఉంటుంది? యాష్ కేవ్‌లోకి దిగే మెట్ల మీద మా నాన్నగారి కాలు జారింది. ఆయన వేసుకున్నది ఊరి నుంచి తెచ్చుకున్న తోలు చెప్పులు. పార్కులో నడక అని మేమే చెప్పాం మరి. లైటు వేసి చూస్తే చెప్పు అడుగున తడి ఆకు అతుక్కుని ఉంది, అరచెయ్యంత ఆకు. ఆయన మణికట్టు పట్టుకుని కూర్చుని "ఏం కాలేదు, పిల్లలు జాగ్రత్త" అంటున్నారు. అరవై ఆరేళ్ల మనిషి, జీవితమంతా పొలం గట్ల మీద నడిచినాయన, మొహంలో రంగు లేదు.

కింద పార్కింగ్‌కు చేరాక తెలిసింది, మా కార్లన్నీ ఓల్డ్ మ్యాన్స్ కేవ్ దగ్గర ఉన్నాయని. అంటే అందరికీ ముందే తెలుసు, ఎవరికీ గుర్తు రాలేదు. ఫోన్లకు సిగ్నల్ లేదు. తలకు లైట్లు కట్టుకుని వచ్చిన అక్కడి దంపతులు మాలో ఇద్దరిని తమ బండిలో తీసుకెళ్లి కార్ల దగ్గర దింపారు. ఈలోగా పద్నాలుగు మందిమి, అందులో ముగ్గురు చిన్నపిల్లలు, చలిలో గంటన్నర నిలబడ్డాం. ఒక విద్యార్థి కనిపించడం లేదని ఇంకో టెన్షన్. పాపం అతను సీడర్ ఫాల్స్ దగ్గరే వెనక్కి వెళ్లినవాళ్లతో కలిశాడు. ఎవరూ లెక్క పెట్టుకోలేదు కాబట్టి మాకు తెలియలేదు, కేక వేస్తూ మళ్లీ మెట్లెక్కి వెతికాం.

మణికట్టు విరిగిందని ఆ రాత్రి ఆసుపత్రిలో చెప్పారు. ప్రాణాపాయం లేదు, దేవుడి దయ. కానీ ఇలాంటి నిర్లక్ష్యం ఎవరి మీద పడుతుందో మీరు ఒక్కసారి ఆలోచించాలి.

1. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల మీద. వాళ్లకు మనం తీసుకునే ట్రావెల్ ఇన్సూరెన్స్‌కు పరిమితులు, డిడక్టబుల్ (ముందు మనమే కట్టుకోవాల్సిన మొత్తం), పాత జబ్బుల మెలికలు ఉంటాయి. మా నాన్నగారి బిల్లు ఒక కవర్‌లో రాలేదు. ఎమర్జెన్సీ గదికి ఒకటి, డాక్టరుకు ఒకటి, ఎక్స్‌రేకు ఒకటి, నెలల తరబడి వస్తూనే ఉన్నాయి. ఆయన ఉండగా కవరు తెరిచినప్పుడల్లా పక్కగదిలోకి వెళ్లిపోయేవారు. "నా వల్ల మీకు ఖర్చు" అన్న మాట ఆయన ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో వినిపించింది. మూడు నెలలు ఉండాల్సిన మనిషి కట్టు విప్పగానే టికెట్ ముందుకు జరుపుకుని వెళ్లిపోయారు.

2. విద్యార్థుల మీద. ఈ హైక్‌లకు ఎక్కువగా వచ్చేది వాళ్లే. కొత్తగా దిగినవాళ్లు, కారు లేదు, ఎవరు తీసుకెళితే వాళ్ల వెంట వస్తారు. ఇంటి దగ్గర పొలమో ఇల్లో తాకట్టు పెట్టి పంపించిన తల్లిదండ్రులు ఉంటారు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు, మే నెలలో అరిజోనాలోని ఫాసిల్ క్రీక్ దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్లలో మునిగి చనిపోయారు. వాళ్లంతా స్నేహితులతో సరదాగా ఒక రోజు గడపడానికి వెళ్లినవాళ్లే. శవపేటిక ఇంటికి చేరేదాకా ఆ తల్లిదండ్రులు ఎన్ని రోజులు ఎదురుచూడాలో, ఎన్ని కాగితాలు కావాలో, చందాల కోసం ఎన్ని గ్రూపుల్లో లింకులు తిరుగుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ లింకులు పెట్టేది, పరుగులు తీసేది మీరే.

3. లోయలో కింద నడిచేవాళ్ల మీద. 2019 లేబర్ డే సెలవు నాడు ఓల్డ్ మ్యాన్స్ కేవ్ దగ్గర పైనుంచి కుర్రాళ్లు తోసిన దుంగ తగిలి, కింద మెట్ల మీద ఉన్న ఒక ఫొటోగ్రాఫర్ చనిపోయింది. అక్కడ అంచు దగ్గర మనం చేసే చిన్న అల్లరి కూడా కింద నడిచేవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. మన పిల్లలు రాళ్లు విసురుతుంటే నవ్వుతూ వీడియో తీసిన పెద్దలను నేను ఆ రోజు చూశాను.

4. తర్వాత వచ్చేవాళ్ల మీద. మా వదిన ఇక పిల్లలను ఏ హైక్‌కూ తీసుకురానంది. అంత అందమైన చోటు ఒక కుటుంబానికి భయంగా మిగిలిపోయింది.

పెద్దవాళ్లను తీసుకురావద్దని నేను అనడం లేదు. ఆ గ్రాండ్‌మా గేట్‌వుడ్ దారికి ఎవరి పేరు పెట్టారో తెలుసుకోండి. ఎమ్మా గేట్‌వుడ్ ఈ ఒహాయో పల్లెటూరి మనిషే, పదకొండు మంది పిల్లల తల్లి. 1955లో, 67 ఏళ్ల వయసులో, అమెరికా తూర్పున రెండు వేల మైళ్లకు పైబడిన కాలిదారి అపలాచియన్ ట్రైల్ మొత్తం ఒంటరిగా నడిచింది. అలా నడిచిన మొదటి స్త్రీ ఆమె. ఏటా జనవరిలో ఇదే ఆరు మైళ్ల దారిలో మంచులో పార్కు వాళ్ల వింటర్ హైక్ జరుగుతుంది, వేల మంది వస్తారు. ముసలివాళ్లూ వస్తారు, పిల్లలూ వస్తారు. పొద్దున్నే మొదలుపెడతారు, మధ్యలో సీడర్ ఫాల్స్ దగ్గర వేడి బీన్ సూప్ పోస్తారు, చివర్లో వెనక్కి తీసుకురావడానికి బస్సులు ఉంటాయి. తేడా ఏర్పాటులోనే ఉంది.

అందుకని మీ ముందు ఈ డిమాండ్లు పెడుతున్నాను. ఇవేవీ డబ్బు ఖర్చయ్యేవి కావు.

1. ఫ్లయర్‌లో నిజం రాయండి. రానుపోను మొత్తం ఎన్ని మైళ్లు, మెట్లు ఉన్నాయా, స్ట్రోలర్ నడుస్తుందా, ఆ రోజు సూర్యాస్తమయం ఎన్నింటికి అన్నవి తేదీ కింద పెద్ద అక్షరాల్లో ఉండాలి. "ఈజీ" అన్న మాట తీసేయండి. ఎవరికి ఈజీ?

2. 11:30 కాదు, 8:30కి నడక మొదలు కావాలి. పార్కు ట్రైల్స్ తెరిచి ఉండేది సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే. పిల్లాపాపలతో, మెట్లతో, ఫొటోలతో గంటకు మైలున్నర నడిస్తే గొప్ప. ఆరు మైళ్లకు నాలుగు గంటలు, తిండికి ఒక గంట, ఆగినచోటల్లా ఇంకో గంట. ఆరు గంటలు పక్కన పెట్టుకోండి. సీడర్ ఫాల్స్‌కు ఒంటిగంటలోగా చేరకపోతే అక్కడితో ఆపి కార్లలో వెళ్లాలి. ఈ టైము ముందే ప్రకటించండి, అప్పటికప్పుడు ఓటింగ్ పెట్టకండి. చూడాలన్న ఉబలాటంలో ఉన్నవాళ్లు ఎప్పుడూ ముందుకే ఓటేస్తారు.

3. నడక మొదలు కాకముందే నాలుగైదు కార్లు యాష్ కేవ్ పార్కింగ్‌లో వదలాలి. డ్రైవర్లను ఒక కారులో వెనక్కి తేవాలి. రోడ్డు మీద పావుగంట పని. సీడర్ ఫాల్స్ దగ్గర కూడా రెండు కార్లు ఉంటే, అలసిపోయినవాళ్లు మధ్యలోనే ఆగిపోవచ్చు.

4. పేర్ల జాబితా కాగితం మీద ఉండాలి, ఇంటివాళ్ల ఫోన్ నంబర్లతో సహా. ప్రతి పదిమందికి దారి తెలిసిన మనిషి ఒకరు. అందరికంటే వెనక నడిచే మనిషి ఒకరు, ఆయన దాటిపోయిన తర్వాత వెనక ఎవరూ ఉండకూడదు. గ్రూపు రెండైతే జాబితా కూడా అక్కడే రెండు కావాలి.

5. మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దవాళ్లను నేరుగా కారులో యాష్ కేవ్‌కు తీసుకెళ్లండి. పార్కింగ్ నుంచి పావు మైలు, సిమెంటు దారి, చక్రాల కుర్చీ కూడా పోతుంది. ఆ కొండల్లో అన్నింటికంటే పెద్ద గుహ అదే. మా నాన్నగారు పన్నెండు మైళ్ల భయం లేకుండా దాన్ని ఆ దారిలో చూసి ఉండాల్సింది.

6. బూట్లు లేనివాళ్లను నడకకు తీసుకోకండి. మొహమాటపడకండి, చెప్పులతో వచ్చినవాళ్లను ఐదో డిమాండ్‌లో చెప్పిన దారికి పంపండి. ప్రతి కుటుంబానికి ఫోన్ కాకుండా విడిగా ఒక టార్చి, మనిషికి రెండు బాటిళ్ల నీళ్లు, ఒక కాగితం మ్యాప్. మ్యాప్ సెల్ సిగ్నల్ ఉండగానే ఫోన్‌లో కూడా దించుకోమనండి. మీ ఫోన్ కంపెనీ సిగ్నల్ లేకపోయినా ఎమర్జెన్సీ నంబరు 911కు మాత్రం దొరికిన ఏ టవర్ నుంచైనా కాల్ వెళుతుందని అందరికీ చెప్పండి. ఆ రోజు మాలో సగం మందికి ఈ సంగతి తెలియక ప్రయత్నమే చేయలేదు.

7. కంచె దాటి, అంచున నిలబడి, జలపాతం కింది మడుగులో దిగి తీసుకున్న ఫొటోలను సంఘం పేజీలో పెట్టకండి. దారి వదిలి నడవడం, నీళ్లలో దిగడం అక్కడ నిషేధం. అక్కడే ఉన్న కాంకిల్స్ హాలో అనే లోయ పైఅంచు దారిలో కొన్నిచోట్ల రెండొందల అడుగుల లోతు ఉంటుంది. అక్కడ పాదాలు వేలాడదీసి కూర్చున్న కుర్రాడి ఫొటో పోయిన వేసవిలో ఒక గ్రూపు ప్రొఫైల్ బొమ్మ. దానికి మూడొందల లైకులు. అది చూసి ఎంతమంది పిల్లలు అక్కడ కూర్చోబోతారో!

ఇందులో ఏదైనా కష్టమనిపిస్తే ఏది, ఎందుకు అని చెప్పండి, మాట్లాడుకుందాం. జవాబు ఇవ్వకపోవడం మాత్రం ఈసారి కుదరదు. రిజిస్ట్రేషన్ మొదలయ్యేలోపు ఫ్లయర్ మార్చి పంపుతారని ఎదురుచూస్తాను. మార్చకపోతే ఇదే ఉత్తరాన్ని రిజిస్టర్ చేసుకున్న ప్రతి కుటుంబానికీ పంపుతాను.

మార్చితే మీకు ఇద్దరు మనుషులు ఎలాగూ కావాలి. హైక్ రోజు ఉదయం ఏడింటికి మా ఆవిడ తన కారు యాష్ కేవ్ పార్కింగ్‌లో వదులుతుంది. ఆరు మైళ్లూ అందరికంటే వెనక నేను నడుస్తాను, పేర్ల కాగితం నా చేతికివ్వండి.

ఇట్లు,
మీ సంఘాల్లో ఏటా సభ్యత్వం కట్టే ఒక కొలంబస్ తెలుగువాడు